పెరటి కోడియు పెంటగుంటయు

పెరటిలో కోళ్ళను పెంచుటయు, ఇంటి చెత్తను గుంటలో వేసి ఎరువు చేయుటయు పల్లెటూరి మోటుపనులనియు, పట్టణమున స్థిరపడిన మర్యాదస్థుల యిండ్లకు అవి తగవనియు మనవారిలో ఒక యభిప్రాయము బలపడియున్నది. ఈ యభిప్రాయము తప్పు. దీనివలన మన కుటుంబములకు నష్టము. మన భాషకు అంతకంటె నష్టము. ఈ మాట సభలలో చెప్పినపుడు కొందఱు నవ్వుచున్నారు గనుక, నవ్వి తప్పించుకొనుటకు వీలులేకుండ సంచికలోనే అచ్చు వేయింపవలెనని మేము పూనుకొంటిమి.

మన సంచికలలో సాధారణముగా నుండు వ్యాసములు అందఱికిని తెలిసినవే. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో తిరుత్తణియందు జన్మించెనని యొకరు వ్రాయుదురు. 1957 నాటి పటాస్కరుగారి తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మాఱినదనియు, అందులకు బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రమున చేరినవనియు మఱియొకరు వ్రాయుదురు. వ్రాయవలసినదే. కాని ఆ దినమున మాఱినది సరిహద్దు మాత్రమే. ఇంటి వెనుక పెరడు, పెరటిలో బావి, బావి నీరు పాఱుచోట అరటి, గోడవారను మునగ, పందిటిపై సొరపాదు, ఒక మూలను పెంటగుంట, ఆ గుంటను కాళ్ళతో గీరుకొనుచు నాలుగు కోళ్ళు – వీనిలో నొకటియు ఏ తీర్పునకును లోబడి కదలలేదు. తరువాత వీనిని తీసివేసినది ఏ ప్రభుత్వమును గాదు. మనమే.

చెన్నపట్టణము పడమటికి పెరిగి పెరిగి తిరువళ్ళూరును తాకినది. స్థలముల ధరలు మనకు తెలిసినవే. అయినను అర గ్రౌండు, అనగా 1200 చదరపు అడుగులు, కొన్న గృహస్థుడు కూడ ఇంటి వెనుక పదడుగుల నేల మిగుల్చుకొనుచునే యున్నాడు. మిగుల్చుకొని దానికి సిమెంటు పోయించుచున్నాడు. ఎందులకని అడిగినచో దుమ్ము రాకుండుటకట! పిమ్మట ఆ సిమెంటు మీద ప్లాస్టికు తొట్లు వరుసగా పెట్టించి, ఆ తొట్లకు సంచులలో మన్నును, వేఱు సంచులలో ఎరువును కొనితెచ్చుచున్నాడు. తన వంటింటి తొక్కలను చెత్తబండి కిచ్చి పంపుచున్నాడు. మన్ను మీద సిమెంటు పోసి, సిమెంటు మీద మన్ను కొనువాడు లెక్క తెలిసినవాడని మేము ఒప్పుకొనజాలము. ముప్పది యేండ్లకు పైగా జమాఖర్చులు వ్రాసిన చేయి మాది.

తిరుత్తణి కొండమీది స్వామి ధ్వజమున నున్నది కోడి. కుక్కుటధ్వజుడని పేరుపెట్టి పిలుచుకొనుచున్నాము. ఆడికృత్తిక నాడు కావళ్ళు మోసికొని 365 మెట్లెక్కి, ఆ కోడిజెండాకు చేతులెత్తి మ్రొక్కి దిగివచ్చి, పొరుగు పెరటిలో కోడి కూసినపుడు ముక్కు మూసికొను భక్తులను మేమెఱుగుదుము. కొండమీద దైవమైనది కొండ దిగువ అసహ్యమెట్లైనదో వారే చెప్పవలెను.

‘పెంట’ యను మాటకు పట్టిన గతి చూడుడు. మన పెద్దలకు పెంట యనగా ఎరువు. బండ్లు కట్టి పొలమునకు పెంట తోలుట యేడాదిలో ఒక గౌరవమైన పని. నేడా మాట తిట్టుగా మాత్రమే మిగిలినది. ‘కుప్ప’ కథయు నట్టిదే. తెలుగున కుప్ప యనగా రాశి. కళ్ళములోని ధాన్యమును కుప్పయే. తమిళమున కుప్పై యనగా చెత్త. మన పిల్లలకు కుప్ప యనినంతనే చెత్తబండి తోచుచున్నది గాని ధాన్యము తోచుట లేదు. తమిళమును నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. పొరుగు తమిళ కుటుంబములలో పెరటి కోడియు, దానితోబాటు కోడికి సంబంధించిన తమిళ మాటలును నిలిచియున్నవి. పెరటిని విడిచినది మనము; మాటలు పోగొట్టుకొన్నదియు మనమే.

ఇక ఆక్షేపణలకు వచ్చెదము. అన్నిటికంటె పెద్దది కంపు. గుంట పెట్టినచో ఇల్లంతయు కంపు కొట్టును, ఈగలు ముసరును అని చెప్పుచున్నారు. మేమడుగునది యొక్కటే: కంపు కొట్టునది గుంటయా, వంటింటి బకెట్టా? కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, తేయాకు పిప్పి రెండు దినములు మూతక్రింద నున్న తరువాత ఆ మూత తీయు ఇల్లాలి ముఖము చూడుడు. తడిచెత్త గాలి తగులక ముద్దయై నిలిచినచో కుళ్ళును. ఎండాకుతో కలిసి గాలి తగిలినచో మాగును. కుళ్ళుట వేఱు, మాగుట వేఱు. మామిడికాయలను గడ్డిలో మాగవేయుట యెఱిగిన జాతికి ఈ భేదము ఒకరు వచ్చి బోధింపవలెనా?

దీని కీలకము కష్టమైనది గాదు. ఎండుటాకు, వరిగడ్డి, ఊక, చెఱకు సోగ మొదలగు వానిలో కర్బనము హెచ్చు. పచ్చి తొక్కలలోను, కోళ్ళ రెట్టలోను నత్రజని హెచ్చు. చెత్తను ఎరువుగా మార్చు సూక్ష్మజీవులకు కర్బనము 25 లేక 30 పాళ్ళకు నత్రజని ఒక పాలు చొప్పున దొరికినచో పని చక్కగా సాగును. నత్రజని మితిమీఱినచో అది అమ్మోనియా వాయువై లేచిపోవును. ముక్కును పొడుచు ఘాటు అదియే. అనగా కంపు కొట్టుచున్న దినమున మన యెరువులోని సారము గాలిలో పోవుచున్నదని అర్థము. దానికి మందు గుంట పూడ్చుట గాదు, రెండు గంపల ఎండాకు వేసి కలుపుట. తడి సరిపోయినదా లేదా యని తెలిసికొనుటకు పిడికెడు తీసి పిండుడు. వ్రేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు కనబడినచో చాలును, ధారగా కాఱినచో తడి హెచ్చినది. సరిగా పేర్చిన కుప్ప నడుమ వేడి 55 డిగ్రీలు దాటును. ఆ వేడికి కలుపు విత్తులును, రోగక్రిములును చాలవరకు నశించును.

ఇది పల్లెటూరి నమ్మకమని త్రోసివేయువారికి రెండు పేర్లు చెప్పెదము. ఆల్బర్టు హోవర్డు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు మన రైతులకు వ్యవసాయము నేర్పుటకై 1905లో ఈ దేశమునకు వచ్చి, మన రైతులయొద్దనే నేర్చుకొనినవాడు. 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పనిచేసి, చెత్తను పొరలుగా పేర్చి, నడుమ తిరగవేయుచు, మూడు మాసములలో ఎరువు చేయు ఇండోరు పద్ధతిని లోకమునకు తెలిపెను. 1939లో బెంగుళూరు విజ్ఞానమందిరమున ఆచార్య యను మన దేశీయ శాస్త్రజ్ఞుడు, తిరగవేయ నక్కఱ లేకుండ గుంటను నింపి పైన మట్టితో మెత్తివైచి, ఆఱు మొదలు ఎనిమిది మాసములకు త్రవ్వుకొను బెంగుళూరు పద్ధతిని ఏర్పఱచెను. నడుము వంగని మా వయస్సువారికి రెండవది మేలు. పెరటిలో కుఱ్ఱవాండ్రున్నచో మొదటిది మేలు, వారికిని కొంత వ్యాయామము.

అయితే మన ప్రాంతమున నొక చిక్కు కలదు. మనకు ముఖ్యమైన వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు. 2015లోను, 2023 డిసెంబరు తుపానులోను పెరళ్ళు చెఱువులైన సంగతి మఱువలేదు గదా. ఆ మూడు మాసములలో గుంట నీటితొట్టి యగును. కావున పొంగలి పోయినతరువాత గుంటను మొదలుపెట్టి, వేసవియంతయు నింపుకొని, వానకాలమునకు ముందు ఎరువు తీసివేసికొనవలెను. వానలలో మాత్రము నేలపైననే, కొబ్బరిమట్టల కప్పు క్రింద, కుప్పగా పోసికొనవలెను. ఆఱడుగుల నిడివి, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల గుంట యొక కుటుంబమునకు చాలును. ప్రక్కప్రక్కను రెండున్నచో ఒకటి నిండుచుండగా రెండవది మాగుచుండును. అడుగున జానెడు ఎండాకు, దానిపై నాలుగంగుళముల వంటింటి తడిచెత్త, దానిపై కోళ్ళగూటి ఊక పలుచగా, పైన పిడికిళ్ళతో చల్లిన మట్టి – ఇదియే వరుస. నూనె, మాంసపు తునకలు, ప్లాస్టికు సంచులు కూడవు. చిత్తూరు మాటలో కసువు ఊడ్చి యెత్తిపోయు నంత శ్రమయే గాని అంతకు మించి లేదు.

కోడి లేకున్నను గుంట నడచును. శాకాహార నియమము గలవారు కోళ్ళను పెంచవలెనని మేము ఒత్తిడి చేయుట లేదు. వారికి గుంట చాలును. అయినను కోడి యున్న పెరడు వేఱు. ఒక పెట్ట దినమునకు సుమారు 100 గ్రాముల రెట్ట వేయును. ఆఱు పెట్టలు ఏడాదికి రమారమి 219 కిలోలు. పశువుల ఎరువులో నత్రజని నూటికి అరపాలు మాత్రముండగా, కోడి యెరువులో నూటికి మూడు పాళ్ళవఱకు నుండును. ఇంత బలమైనది గనుకనే దానిని పచ్చిగా పాదులలో వేయరాదు, వేళ్ళు మాడిపోవును. గూటిలో రెండంగుళముల మందమున ఊకయో, వేరుసెనగ పొట్టో పఱచి, వారమునకొకసారి కదపి, తడిసిన భాగమును తీసి గుంటలో వేసి, రెండు మూడు మాసములు మాగిన తరువాతనే చెట్లకు వేయవలెను. వరియు వేరుసెనగయు చెఱకును పండు ఈ ప్రాంతమున ఊకకును, పొట్టునకును, సోగకును కఱవా?

మేతయు నట్లే. నూకలు, తవుడు, మిగిలిన అన్నము, ఆకుకూరల కాడలు పోను, మన ముసలమ్మలెఱిగిన చెదకుండ యొకటి కలదు. పాతకుండలో పేడ, గోనెముక్క, ఎండుపుల్లలు వేసి నీరు చిలికించి, చెదలున్న తావున సాయంకాలము బోర్లించినచో తెల్లవాఱుసరికి లోపల చెదలు పట్టియుండును. కోడిపిల్లలకు అంతకు మించిన మేత లేదు. ఇంటి దూలములను తిను చెదపురుగును కోడికి పెట్టి గ్రుడ్డుగా తీసికొనుట మన పెద్దల జమాఖర్చు.

రెండవ ఆక్షేపణ రోగము. దీనిని మేము తేలికగా కొట్టివేయము. కొక్కెర తెగులు వచ్చినచో సాయంకాలము గంపక్రింద కమ్మిన కోళ్ళు తెల్లవాఱుసరికి చచ్చిపడియుండును. ఈ తెగులును మన దేశమున మొదట గుర్తించిన కుమావూను కొండలలోని ఊరి పేర రాణీఖేతు వ్యాధి యనుచున్నారు. పొరుగు తమిళులు వెళ్ళై కళిచ్చల్ అందురు. దీనికి మందు లేదు, టీకా కలదు. పిల్ల పుట్టిన ఏడవనాడు కంటిలోనో ముక్కులోనో చుక్కమందు, ఎనిమిది వారముల వయస్సున ఱెక్కక్రింద సూదిమందు. పశుసంవర్ధక శాఖవారు ఈ టీకాలకు శిబిరములు నడుపుచున్నారు. రాణిపేటలోని పశువైద్య సంస్థలో టీకామందులు తయారగుచున్నవి. తిరూరున కృషి విజ్ఞాన కేంద్రమును, మాధవరమున పశువైద్య విశ్వవిద్యాలయమును కలవు. ఇన్నిటి నడుమ నివసించుచు ‘కోడికి రోగము వచ్చునేమో’ యని భయపడుట, బావిప్రక్క నిలిచి దప్పికకు భయపడుటయే. పక్షిజ్వరము మాట వేఱు. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాలలో అది కోళ్ళను నాశనము చేసినది. అట్టి వార్త వినబడినపుడు కోళ్ళను బయటికి వదలక దడిలోపల నుంచవలెను. చచ్చిన పక్షిని వట్టిచేతితో తాకక, గుంటలోను వేయక, పశువైద్యునికి తెలుపవలెను. గూడు శుభ్రము చేసినపుడెల్ల సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఈ జాగ్రత్తలు వహింపలేనివారు కోళ్ళను పెంచవలదు. సోమరికి ఏ పెంపకమును తగదు.

కోడికూత పొరుగువారికి ఇబ్బంది యనుట కొంత నిజము. పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్లు పెట్టును, పిల్లలు కావలెనన్ననే పుంజు అవసరము. ఇది తెలియని పట్టభద్రులు మన సంఘమున ఎందఱున్నారో లెక్క తీయదగును. కోళ్ళు పొరుగు పెరటిలో దూరి మొలకలు గీరివేయుట మాత్రము నిజమైన తగవు. దానికి వెదురుతడిక కట్టవలసినది మనమే.

నామక్కల్లు గ్రుడ్డు చవుకగా దొరకుచుండగా ఇంటికోడి యెందులకని మఱికొందఱు. చవుకగా దొరకుట మంచిదే. 1971లో వెంకటేశ్వర హేచరీసును, 1982లో గ్రుడ్ల సమన్వయ సంఘమును నెలకొల్పి కోళ్ళ పరిశ్రమను నిలబెట్టిన బండా వాసుదేవరావుగారు మన తెలుగువారే గదా. కాని పదివేల కోళ్ళ షెడ్డు మన వంటింటి తొక్కలను తినదు, మన చిక్కుడుపాదునకు ఎరువు నీయదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు మనిషికి ఏడాదికి 180 గ్రుడ్లు కావలెననిరి. నాటుపెట్ట 50 మొదలు 80 వఱకు మాత్రమే పెట్టును. కాని అదే నగరమున రాజేంద్రనగరు కోళ్ళ పరిశోధనాలయమువారు పెరళ్ళకొఱకే వనరాజ, గ్రామప్రియ యను జాతులను కల్పించిరి. గ్రామప్రియ పెట్ట యొకటి 150 పెట్టినదనుకొన్నను ఆఱు పెట్టలకు 900. అయిదుగురికి సరిగా సరిపోయినది. ప్రయోగశాలలో తెలుగు శాస్త్రజ్ఞులకు తక్కువకాని కోడి తెలుగు గుమాస్తా కొడుకునకు తక్కువైనది!

ఈ తక్కువతనమే అసలు ఆక్షేపణ. మిగిలినవన్నియు దానికి ముసుగులు. ‘కోళ్ళు పెంచువారెవరు? మనమా?’ అని అడుగుచున్నారు. అడుగువారి తాతలు పల్నాటి యుద్ధమునకు మూలమైన కోడిపందెపు కథను రాత్రులు కూర్చుండి విన్నవారు. పందెములను మేము మెచ్చము. ప్రాణికి కత్తి కట్టుట పౌరుషము గాదు. కాని ఆ వ్యసనము నుండియైనను మనవారు కోడిని ఎంత నిశితముగా చూచిరో గమనింపుడు. కాకి, డేగ, నెమలి, పర్ల, సవల, సేతువ, పింగళి, మైల – ఈకల వన్నెను బట్టి ఇన్ని పేర్లు పెట్టి, కుక్కుటశాస్త్రమనియే యొకటి కూర్చుకొన్న భాష మనది. లోకమంతయు ఇప్పుడు ఆ దారికే మరలుచున్నది. ఫ్రాన్సు దేశమున కోల్మారు పట్టణమువారు ఇంటి చెత్త తగ్గింపదలచి 2015 మొదలు కుటుంబములకు కోళ్ళను పంచిపెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులో తమ వంతు గ్రుడ్లను వదలుకొన్న కుటుంబములకు ప్రభుత్వమువారు కోళ్ళ మేత నిచ్చిరి. ఫ్రాన్సు దొర చేసినచో పర్యావరణము, మన అవ్వ చేసినచో మోటుతనము. పెరటి చెట్టు మందునకు పనికిరాదను సామెత మనకొఱకే పుట్టినది.

భాష మాట చెప్పి ముగించెదము. 2006లో తమిళమును నిర్బంధ పాఠ్యముగా చేసిన చట్టము వచ్చినది మొదలు మన పిల్లలకు బడిలో తెలుగు కఱవగుచున్నదని సభలు జరుపుచున్నాము, వినతిపత్రములు వ్రాయుచున్నాము. వ్రాయవలసినదే, ఆ పత్రములలో కొన్నిటికి శుద్ధప్రతి వ్రాసిన చేయియు మాదే. కాని పాదు, తడిక, గంప, నూకలు, తవుడు, కసువు, పొదుగుడు పెట్ట, కమ్ముట, మాగుట – వీనిలో ఏ మాటను ఏ చట్టము నిషేధించినది? ఏ పాఠ్యపుస్తకమునందైనను ఇవి ఉండెడివా? ఇవి పెరటిలో నేర్చుకొన్న మాటలు. పెట్ట పొదుగుచుండగా 21 దినములు వ్రేళ్ళ మీద లెక్కించిన పిల్లవానికి ‘పొదుగుట’ యను మాటను గురువు చెప్పనక్కఱలేదు. ఉగాదినాడు వేదికపై పద్యము వప్పగించి బహుమతి పుచ్చుకొన్న బాలికను ‘తవుడనగా నేమి తల్లీ’ యని మేమడుగగా ఆమె తల్లివైపు చూచినది. తల్లి తన ఫోనువైపు చూచినది.

కావున మన సంఘ కార్యవర్గమువారిని మేము కోరునది యిది. వచ్చు ఉగాదికి పద్యపఠనపు పోటీతోబాటు పెరటి పోటీయు నొకటి పెట్టవలెను. తిరువళ్ళూరునుండి ఇద్దఱు, తిరుత్తణినుండి ఇద్దఱు పెద్దలు ఇంటింటికి పోయి చూడవలెను: గుంట యున్నదా, ఎరువు మాగినదా, పిల్లలు దాని పనిముట్లకు తెలుగు పేర్లు చెప్పగలరా. బహుమతిగా శాలువలు వలదు, మన యిండ్లలో శాలువలు మూటలుగా నున్నవి. ఒక గడ్డపారయో, కోడిగంపయో ఇచ్చినచో చాలును. సిమెంటు పోసిన పెరళ్ళలో నాలుగడుగుల మేర పగులగొట్టించుటకు కూలి యెంతయగునో మేము విచారించి కార్యదర్శిగారికి వ్రాసియిచ్చితిమి. మా యింటి పొదుగుడు పెట్ట క్రింద పండ్రెండు గ్రుడ్లు పెట్టియున్నాము. పొదిగిన పిల్లలకు రెండు టీకాలు నైన తరువాత, గూడు సిద్ధము చేసికొన్న సభ్యులకు జతచొప్పున ఇచ్చెదము. గూడు చూడక ఇయ్యము.